వరసల్లో నాటిన నక్షత్రాలు

బందరులో మా కాలేజీ ఫిజిక్సు డిపార్ట్‌మెంటు వెనకాల ఒక గది ఉండేది. గది అనేది కాలేజీ వాళ్ళు పెట్టిన పేరు. పూర్వం అందులో పాడైపోయిన గాల్వనామీటర్లు దాచేవారట. వాటికి ఇరుకైందని బయటికి తీసి మమ్మల్ని పెట్టారు. మమ్మల్ని అంటే మా సారునీ, నన్నూ. సారు లెక్చరరు. నేను ఆయన దగ్గరే చదువుకుని, మళ్ళీ ఆయన దగ్గరికే డిమాన్‌స్ట్రేటరుగా వచ్చిపడ్డవాణ్ణి.

గదిలో ఒకటే బల్ల, అది గోడ నుంచి గోడ దాకా ఉండేది. బల్లకి అవతల గోడవైపు నేను, ఇవతల తలుపువైపు సారు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. సారు కుర్చీ తలుపుకి ఆనుకునే ఉంటుంది. నేను బయటికి వెళ్ళాలంటే ముందు సారు లేవాలి, కుర్చీ ఎత్తి బల్లమీద పెట్టాలి, తలుపు తీసి ఆయన వరండాలోకి వెళ్ళాలి, అప్పుడు నేను బల్లకింద నుంచి దూరి రావాలి. ఇంత తతంగం ఉంది కాబట్టి ఆ రోజుల్లో నేను మంచినీళ్ళు తక్కువ తాగేవాణ్ణి. ఒక్క కిటికీ ఉండేది. దాన్ని తెరిస్తే కెమిస్ట్రీ వాళ్ళ గోడ కనిపించేది. మూసినా పెద్ద తేడా ఏం లేదు.

సారుది దివిసీమ. అవనిగడ్డ అవతల ఊరు. రోజూ బస్సులో వచ్చి బస్సులో వెళ్ళేవారు. ఆయన ఎర్రసిరా అంటే కాలేజీలో అందరికీ దడ. ప్రాక్టికల్ రికార్డులో దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలుండాలి. మూడో అంకె కనిపించిందంటే దాని మీద అడ్డంగా ఎర్రగీత పడేది, పక్కన ఒక ప్రశ్న కూడా ఉండేది: "నీ స్కేలుకి అంత తెలుసా?" నేను చదివిన రోజుల్లో నా రికార్డులో ఆ ప్రశ్న పదిహేడు చోట్ల ఉంది. సమాధానం ఎప్పుడూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఆయన పిహెచ్.డి.కి పేరు నమోదు చేసుకుని చాలా ఏళ్ళయింది. మొదటిసారి రాసుకున్న లెక్కలూ, నోట్సూ ఉప్పెనలో ఇంటితోపాటు తడిసి ముద్దయిపోయాయి. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. నేను జోకు వెయ్యని విషయం కూడా అదొక్కటే. యూనివర్సిటీ వాళ్ళు గడువు పొడిగించి, ఇదే ఆఖరిసారి అని ఉత్తరం రాశారు. ఆ నెలాఖరులోపు థీసిస్ చేరకపోతే నమోదు రద్దు. ఇన్నేళ్ళూ నీళ్ళపాలు. ఆ ఉత్తరాన్ని సారు బల్ల అద్దం కింద పెట్టుకున్నారు, నావైపు తిప్పి. చదవాల్సింది నేనని ఆయన ఉద్దేశం కాబోలు.

ఆయన పరిశోధన నక్షత్రాల గుంపుల మీద. ఐదువందల నక్షత్రాలు ఒకచోట ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటీ మిగతా నాలుగువందల తొంభైతొమ్మిదింటినీ తనవైపు లాగుతుంటుంది, పెళ్ళింట్లో చుట్టాల్లాగా. అలా లాక్కుంటూ లాక్కుంటూ కొంతకాలానికి గుంపు ఎలా తయారవుతుంది? మధ్యలో ఎంత కిక్కిరిసిపోతుంది? ఇది చేత్తో వేసే లెక్క కాదు. అందుకని దూరపు ఊళ్ళో కంప్యూటరున్న ఒక సంస్థలో పనిచేస్తున్న తన పాత స్నేహితుడికి సారు ఉత్తరం రాశారు. సారు చిత్తుప్రతి రాస్తే, నా దస్తూరీ బాగుంటుందని సాఫీప్రతి నాచేత రాయించారు, కింద కార్బన్ కాగితం పెట్టి. ఆ కార్బన్ కాపీని గుర్తుపెట్టుకోండి. నేనైతే పూర్తిగా మర్చిపోయాను.

రెండు నెలలకి లెక్కలు వచ్చాయి, ధాన్యం గోతాంలో కుట్టి, బస్సు పార్శిల్లో. విప్పితే మడతలు మడతలుగా ఒకటే కాగితం, రెండు పక్కలా చిల్లులు, నిండా అంకెలు. ప్రతి నక్షత్రానికీ అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం. కంప్యూటరు బొమ్మ గియ్యదా అని అడిగాను.

"అది నీ పని," అన్నారు సారు.

"అంటే కంప్యూటరుకి ఉద్యోగం పర్మనెంటా అండీ?"

సారు నవ్వలేదు. ఆయన నవ్వాలంటే కూడా ముందు ఎవరో లేచి దారివ్వాలి.

మూడు బొమ్మలు గియ్యాలి. ఒకే గుంపు, మూడు కొలతల్లో. మొదటిది గుంపంతా పట్టేది. రెండోది దానికి పదింతలు దగ్గరగా, మధ్యభాగం. మూడోది ఇంకా దగ్గరగా, నడిబొడ్డు మాత్రమే. నేను వాటికి పేర్లు పెట్టుకున్నాను: కృష్ణా జిల్లా, దివి తాలూకా, సారు వాళ్ళ పెరడు. సారుకి మొదటి రెండు పేర్లే చెప్పాను.

జిల్లా రెండు రోజుల్లో అయింది. మధ్యలో దట్టంగా, చివర్లకి పల్చగా, చక్కటి గుండ్రటి గుంపు. తాలూకా మూడు రోజులు పట్టింది. అదీ బాగానే వచ్చింది. ఇక పెరడు. థీసిస్‌లో బొమ్మ పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పు దాటకూడదని యూనివర్సిటీ నియమం. కంప్యూటరు అంకెల్లో నడిబొడ్డు అడ్డమూ నిలువూ సున్నా పాయింట్ రెండేసి, అంటే ఇరవయ్యేసి వందో వంతులు. భాగించి చూస్తే ఒక్కో వందో వంతుకీ ఏడు మిల్లీమీటర్లు వచ్చింది. సారు అంకెలు చదివేవారు, నేను ఏడో ఎక్కం నెమరేసుకుంటూ చుక్కలు పెట్టేవాణ్ణి. ఏడు మూళ్ళు ఇరవైఒకటి, చుక్క. ఏడు ఐదులు ముప్ఫైఐదు, చుక్క. నడిబొడ్డులో పడ్డ నూట ఇరవై నక్షత్రాలకి ఏడో ఎక్కం రెండువందల నలభై సార్లు. ఎం.యస్సీ చదివినందుకు ఇదీ ఫలితం అని అమ్మకి ఉత్తరం రాద్దామనుకున్నాను కానీ, గదిలోంచి బయటికి వస్తే కదా పోస్టు చెయ్యడానికి.

బొమ్మ పూర్తయ్యాక కాగితం కాస్త దూరంగా పట్టి చూశాను. నక్షత్రాలు వరసల్లో ఉన్నాయి.

గుంపు కాదు, గుండ్రమూ కాదు. అడ్డం వరసలు, నిలువు వరసలు, మధ్యమధ్యలో ఖాళీలు. కొన్నిచోట్ల రెండేసి నక్షత్రాలు ఒకే చుక్క మీద వచ్చి కూర్చున్నాయి.

"తప్పు పెట్టావు," అన్నారు సారు.

"నూట ఇరవై తప్పులూ ఒకే వరసలో పెట్టడం నా వల్ల కాదండి. అంత క్రమశిక్షణ ఉంటే ఇక్కడెందుకుంటాను?"

మళ్ళీ గీయించారు. మళ్ళీ వరసలే. గ్రాఫు కాగితంలో లోపం ఉందేమో అని వేరే కొట్టు నుంచి కొత్త దస్తా తెప్పించారు. వరసలే. అడ్డాన్ని నిలువు చేసి, నిలువుని అడ్డం చేసి చూశాం. అప్పుడు నిలువు వరసలు అడ్డమయ్యాయి, అడ్డం వరసలు నిలువయ్యాయి. పెన్సిల్ మార్చాం. చివరికి స్థానాలు కూడా మార్చాం: నేను చదివాను, ఆయన పెట్టారు. ఆయన చేతికింద కూడా నక్షత్రాలు బుద్ధిగా వరసలోనే నిలబడ్డాయి. గడువు ఇంకా పన్నెండు రోజులు.

ఆ మధ్యాహ్నం సారు చాలాసేపు బొమ్మవైపే చూశారు. తర్వాత మెల్లిగా అన్నారు, "ఇది తాడు పట్టి నాటినట్టుందయ్యా."

వరిపొలాల్లో పెరిగిన మనిషి. ఆయనకి మొదట తోచింది అదే. నేను, "వ్యవసాయ శాఖ వాళ్ళు అక్కడిదాకా వెళ్ళారేమోనండి," అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ముఖంలో ఏదో మారింది. అన్నేళ్ళలో ఆ ముఖం మీద అలాంటి వెలుగు నేను చూళ్ళేదు.

"ఎవరూ ఇంత దగ్గరికి వెళ్ళి చూసుండరు. మరీ కిక్కిరిసినచోట నక్షత్రాలు ఒకదాన్నొకటి సర్దుకుని ఒక కట్టుబాటులోకి వస్తున్నాయి. ఉప్పుగల్లులో అణువుల్లాగా. ఈ జంటలు చూడు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. మనకి దొరికిందయ్యా!"

"ఏం దొరికిందండీ?"

"ఏం దొరికిందో తెలీదు. అదే కదా దొరకడమంటే!"

వారం రోజుల్లో ఆయన పద్దెనిమిది పేజీల కొత్త అధ్యాయం రాశారు. ఆ వారమంతా నేను గోడకీ బల్లకీ మధ్య కూర్చుని ఆయన ఈల వెయ్యడం విన్నాను. సారు ఈల వేస్తారని కాలేజీలో ఎవరికి చెప్పినా నమ్మలేదు. సోమవారం గుడివాడ వెళ్ళి అధ్యాయం టైపు చేయించాలని నిర్ణయించారు. థీసిస్‌లు టైపు చెయ్యడం తెలిసిన మనిషి అక్కడే ఉన్నాడు. ఈలోగా పెరడు బొమ్మని ఇండియన్ ఇంకుతో దిద్దమని నన్ను ఇంటికి పంపారు.

నేను అద్దెకున్న ఇల్లు ఒక అద్దకం మేస్త్రిది. కలంకారీ దుప్పట్లకి చెక్క అచ్చులతో పువ్వులు అద్దే సాయిబుగారు. వయసులో పెద్దాయన, నేను మావయ్యా అనేవాణ్ణి. ఆయన పెరట్లో గుడ్డలు నానబెట్టే కరక్కాయ నీళ్ళ వాసన ఎప్పుడూ ఉండేది. ఆదివారం పొద్దున్న దిద్దిన బొమ్మని ఆరడానికి ఆయన గోడకి ఆనించి పెట్టాను. ఆయన చేతిలో గుడ్డ పట్టుకుని అటుగా వెళ్తూ ఆగారు.

"ఏం గుడ్డ బాబూ ఇది?"

"గుడ్డ కాదు మావయ్యా, ఆకాశం."

"ఆకాశమైతే నేత ఎందుకు కనపడతా ఉంది?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పని గురించి మాట్లాడేటప్పుడు ఆయన నవ్వరు. చేతిలో గుడ్డ నా ముందు పరిచారు. ముతక నేత మీద ఎర్రటి పువ్వు.

"దూరం నుంచి చూడు. రేకు ఎట్టా ఉంది?"

"గుండ్రంగా."

"ఇప్పుడు కన్ను ఆనించి చూడు. అంచు ఎట్టా ఉంది?"

ముక్కు గుడ్డకి తగిలేదాకా వంగాను. రేకు అంచు గుండ్రంగా లేదు. మెట్లు మెట్లుగా, అడ్డంగా ఒక పోగు, నిలువుగా ఒక పోగు.

"అచ్చు చెక్కినోడు గుండ్రంగానే చెక్కాడు. పోగుకి గుండ్రం తెలవదు కదా బాబూ. మరీ దగ్గరికెళ్తే పువ్వు పోయి నూలు కనపడుద్ది. నువ్వు గీసింది పువ్వు కాదు, నూలు."

అంత మాత్రం చెప్పి ఆయన ఆ గుడ్డ పట్టుకుని కాలవకి వెళ్ళిపోయారు. నేను స్కేలు తెచ్చి వరసకీ వరసకీ మధ్య దూరం కొలిచాను. ఏడు మిల్లీమీటర్లు. ఇంకోచోట కొలిచాను. ఏడు. కొలవక్కర్లేదని తెలిసీ అన్నీ కొలిచాను. ఏడు మిల్లీమీటర్లంటే సరిగ్గా ఒక వందో వంతు. గోతాంలో వచ్చిన అంకెలన్నిటికీ బిందువు తర్వాత రెండే స్థానాలున్నాయి. సున్నా పాయింట్ సున్నా మూడు అనే ఉంటుంది కానీ, మూడున్నర దగ్గరున్న నక్షత్రం ఏం చేస్తుంది పాపం? దగ్గర్లో ఉన్న మూడులోనో నాలుగులోనో వెళ్ళి కూర్చుంటుంది. జిల్లా పటంలో ఆ తేడా వెంట్రుకంత కూడా ఉండదు. తాలూకాలో పెన్సిల్ చుక్కకింద దాక్కుంటుంది. పెరట్లోకి వచ్చేసరికి అన్నీ వరసకట్టి నిలబడ్డాయి. ఒకే చుక్కమీద పడ్డవి జంట నక్షత్రాలు కావు, ఒకే అంకెకి సవరించిన ఇద్దరు అపరిచితులు. వందో వంతుకి సెంటీమీటరు పెట్టి ఉంటే చుక్కలన్నీ గ్రాఫు లావుగీతల మీదే పడి మొదటిరోజే దొరికిపోయేవాళ్ళం. నూట ఇరవై నక్షత్రాలకి ఏడో ఎక్కం చదివాను. ఏడో ఎక్కం చదివితే ఏడేసి దూరంలోనే చుక్కలు పడతాయని నాకు తట్టలేదు. సారుకీ తట్టలేదు. బిందువు తర్వాత రెండు స్థానాలుండటం మాకు గోడకి సున్నం ఉండటం లాంటిది. దాన్ని ఎవరు చూస్తారు?

కంప్యూటరు రెండే స్థానాలు ఎందుకు ఇచ్చింది? ఉత్తరాల ఫైలు నా దగ్గరే ఉంది. తీశాను. సారు చిత్తుప్రతిలో దశాంశాల ఊసే లేదు. నా సాఫీప్రతి కార్బన్ కాపీలో, చివరి పేరా ముందు, నా చక్కటి దస్తూరీలో ఒక వాక్యం ఉంది: విలువలన్నీ దయచేసి రెండు దశాంశ స్థానాలకి సవరించి ఇవ్వగలరు.

ఎప్పుడు రాశానో గుర్తులేదు. ఉత్తరం కింద 'ఇట్లు' అని రాసినట్టే రాసేసుంటాను.

ఆ ఆదివారం మిగతా భాగం ఎలా గడిచిందో వర్ణిస్తే బాగా పండుతుంది కానీ, నిజానికి నేను భోజనం చేసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు, అంతే. చెప్తే సారు అధ్యాయం పోతుంది. చెప్పకపోతే ఆ అధ్యాయం యూనివర్సిటీకి వెళ్తుంది, అక్కడ అద్దకం తెలిసిన పరీక్షకుడు ఒక్కడుంటే సారే పోతారు. మళ్ళీ లెక్కలు తెప్పించాలంటే రెండు నెలలు. ఉన్నది ఐదు రోజులు. ఎటు తిరిగినా గోడే తగులుతోంది. పైగా ఆ గోడ నా దస్తూరీలో ఉంది.

సోమవారం పొద్దున్న స్టేషన్లో సారు ఇస్త్రీ చొక్కాలో కనిపించారు. అవనిగడ్డ నుంచి మొదటి బస్సుకే వచ్చారట. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ఇవతల కూర్చున్నారు. రైల్లో కూడా అదే ఏర్పాటు. బండి పెడన దాటింది. నేను గొంతు సవరించుకున్నాను.

"సారూ, ఆ వరసలు నక్షత్రాలవి కావండి. మనవి."

సారు పెద్దగా నవ్వారు. జీవితంలో మొదటిసారి నా మాటకి నవ్వారు, అదీ నేను జోకు వెయ్యనప్పుడు.

"బాగుందయ్యా! మనవే. మనం కనుక్కున్నాం కాబట్టి మనవే."

"అది కాదండి. ఆ వరసలు నేనే నాటాను."

"ఊడ్పులకి నిన్ను పిలిస్తే ఏ రైతూ బాగుపడడు," అని మళ్ళీ నవ్వారు.

మూడేళ్ళుగా ప్రతిదాన్నీ ఎగతాళి చేసినందుకు ఇదీ శిక్ష. నిజం చెప్దామంటే నా నోట్లోంచి అది కూడా జోకులాగే వస్తోంది. బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. ఎదురుబండి రావాలట. ఎంతకీ కదల్లేదు. అటు కిటికీ చువ్వలు, ఇటు సారు మోకాళ్ళు. సారు సంతోషం పట్టలేక బొమ్మ తీసి ఒళ్ళో పరుచుకున్నారు. ఎదురుగా బుట్ట పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ మెడ చాచి చూసింది.

"ఇది ఎన్ని చుక్కల ముగ్గయ్యా?"

"ముగ్గు కాదమ్మా, నక్షత్రాలు," అన్నారు సారు గర్వంగా.

ఆవిడ వేలితో గాల్లోనే లెక్కపెట్టింది. "ఇరవై చుక్కలు, ఇరవై వరసలు. నడుమ చానా చెరిగిపోయినయ్యి. ఎవురు పెట్టారో గానీ కొలిచి పెట్టారు."

సారు నవ్వుతూనే ఉన్నారు. కానీ బొమ్మ మడిచేముందు ఒక్క క్షణం ఆగి మళ్ళీ చూశారు. నేను ఆ క్షణాన్ని పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. ఎదురుబండి వచ్చింది, మాది కదిలింది.

గుడివాడలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఒక మేడమీద ఉంది. పది మిషన్లు ఒకేసారి కొడుతుంటే మెట్లదాకా వినిపిస్తోంది. టైపు చేసే ఆయన సారుని కూర్చోబెట్టి అధ్యాయం అందుకున్నాడు.

"ఎన్ని కాపీలండీ?"

"ఒరిజినలు, మూడు కార్బన్లు."

ఆయన కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, అంచులు తట్టి, మిషన్లోకి ఎక్కించాడు. కార్బన్ అన్నమాట వినగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళింది. మడిచి తెచ్చుకున్న ఉత్తరం కార్బన్ కాపీ తీసి సారు ముందు పెట్టాను. ఈసారి ఏమీ అనలేదు. మాట్లాడితే మళ్ళీ నవ్వుతారని భయం.

సారు చదివారు. ఇంకోసారి చదివారు. సంచీలోంచి పెరడు బొమ్మ తీశారు, జేబులోంచి చిన్న స్కేలు తీశారు. ఒక్కచోటే కొలిచారు. నాలాగా అన్నీ కొలవలేదు.

"ఈ ముక్క నా చిత్తుప్రతిలో ఉందా?"

"లేదండి."

"నేను చెప్పానా?"

"చెప్పారండి."

"ఎప్పుడు?"

"బీయస్సీలో. నా రికార్డు మీద. పదిహేడు సార్లు."

ఇది జోకు కాదు. ఆయనకీ అర్థమైంది. మిషన్లన్నీ టకటకా కొడుతూనే ఉన్నాయి. టైపు ఆయన మీటల మీద వేళ్ళు పెట్టి ఎదురుచూస్తున్నాడు.

"మొదలుపెట్టమంటారా సారూ?"

సారు చెయ్యి అడ్డం పెట్టారు. ఎర్రసిరా పెన్ను తీశారు. అధ్యాయం మొదటి పేజీ మీద మూలనుంచి మూలకి ఒక గీత కొట్టి, పక్కన రాశారు: నీ స్కేలుకి అంత తెలుసా? ఎన్నో ఏళ్ళుగా రాసిన దస్తూరీయే. మిగతా పదిహేడు పేజీలూ అలాగే ఒక్కొక్కటీ కొట్టేశారు, విద్యార్థి రికార్డు దిద్దినంత శ్రద్ధగా. ఒకేసారి చింపెయ్యొచ్చు కదా అనిపించింది కానీ ఆయన చింపే మనిషి కాదు.

పెన్నుకి మూత పెట్టారు. తర్వాత అడిగారు, "నూట ఇరవై అన్నది ఖాయమేనా? లోపలున్నవి?"

"ఖాయమేనండి. అంచుమీద ఒకటో రెండో అటూ ఇటూ అవచ్చు. లోపల ఎంతమంది ఉన్నారో తెలుసు. ఎవరెక్కడ కూర్చున్నారో తెలీదు."

"అంతే రాద్దాం."

అక్కడే, ఆ మిషన్ల చప్పుడులోనే, ఆయన నోటితో చెప్తుంటే టైపు ఆయన కొట్టాడు. కొత్త అధ్యాయం ఒకటిన్నర పేజీ. గుంపు మధ్యకి వెళ్ళేకొద్దీ కిక్కిరిసిపోవడం ఇంతవరకూ చూశాం, ఇంతకన్నా దగ్గరికి ఈ అంకెలు మమ్మల్ని తీసుకెళ్ళలేవు, నడిబొడ్డులో సుమారు నూట ఇరవై ఉన్నాయి, వాటి అమరిక మాకు తెలియదు. ఇంగ్లీషులో ఇది చాలా మర్యాదగా వినిపించింది. థీసిస్ పేరులో 'నడిబొడ్డు నిర్మాణం' అన్న మాట ఉంది. దాన్ని మార్చాలంటే యూనివర్సిటీ అనుమతి కావాలి, దానికి రోజుల్లేవు. అందుకని అది అలాగే ఉండిపోయింది, లోపల ఏమీ లేకుండా.

తిరుగుబండి ఎక్కాం. పెడన దగ్గర సారు, "నీకెట్టా తట్టిందయ్యా?" అని అడిగారు. మా ఇంటాయన గుడ్డ చూపించారని చెప్పాను. "ఆయన ఏం చదువుకున్నాడు?" అన్నారు. దుప్పట్లు అన్నాను. తల ఊపారు.

తర్వాత రెండు రోజులూ మళ్ళీ గదిలోనే. తాలూకా బొమ్మ మళ్ళీ గీశాను. మధ్యలో నూట ఇరవై చుక్కలు పెట్టాల్సిన చోట సారే కంపాసు తీసుకుని ఒక వృత్తం గీశారు. లోపల ఒక్క చుక్క కూడా పెట్టనివ్వలేదు. దట్టంగా చుట్టూ ముసిరిన చుక్కల మధ్య తెల్లటి గుండ్రం. నేను గీసిన బొమ్మలన్నిటిలోనూ బాగా కుదిరింది అదే. దాని నడిమధ్యలో నేను గీసింది ఏమీ లేకపోవడం కారణం కావచ్చు. గడువుకి ముందురోజు సారు దాన్ని స్వయంగా బస్సులో తీసుకెళ్ళి యూనివర్సిటీలో ఇచ్చి, రసీదు తెచ్చుకున్నారు. అద్దం కింద ఉన్న ఉత్తరం తీసేసి ఆ రసీదు పెట్టారు, ఈసారి తనవైపు తిప్పి.

మౌఖిక పరీక్ష ఆరు నెలలకి జరిగింది. వచ్చిన పరీక్షకుల్లో పెద్దాయన మొదట అడిగింది ఆ తెల్లగుండ్రం గురించేనట. పేరులో నడిబొడ్డు నిర్మాణం అని ఉంది, బొమ్మలో నడిబొడ్డే లేదేమిటి అని. "అక్కడ మా అంకెలకి చూపు ఆనదండీ," అన్నారట సారు. ఎలా తెలిసిందని ఆయన అడిగితే, వరసల బొమ్మ సంచీలోంచి తీసి చూపించారట. ఎందుకు పట్టుకెళ్ళారో నాకు ఇప్పటికీ తెలీదు. పెద్దాయన చాలాసేపు చూసి, తన శిష్యుడొకడు ఇలాంటి వరసలే కొత్తగా కనుక్కున్నానని ఇప్పుడు ఒక వ్యాసం రాస్తున్నాడనీ, ఆ కుర్రాడికి ఈ బొమ్మ పంపిస్తారా అనీ అడిగాడట. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడగలేదు. డిగ్రీ వచ్చింది.

కాలేజీలో సన్మానం చేశారు. దండ వేశారు. ప్రిన్సిపాలుగారు మాట్లాడుతూ సారు నక్షత్రాల గుట్టు విప్పారన్నారు. సారు నావైపు చూశారు. నేను పైకప్పు చూశాను. మర్నాడు మా గది తలుపు మీద ఆయన పేరు ముందు డాక్టర్ అని చేర్చి కొత్త బోర్డు పెట్టారు. తలుపు మాత్రం లోపలికే తెరుచుకుంటుంది, బల్ల గోడ నుంచి గోడ దాకానే ఉంది. మధ్యాహ్నం దాహం వేసింది. ఆగాను. ఇంకా వేసింది. ఇక తప్పక, "సారూ, ఒక్కసారి లేస్తారా?" అన్నాను.

డాక్టరుగారు లేచి, కుర్చీ ఎత్తి బల్లమీద పెట్టారు.